మానని చేతులు

మా క్రీట్ దీవిలో, మా కొండ ఊళ్లో, పసిపిల్లల బుగ్గల నుంచి ముసలమ్మల మడమల దాకా అన్నీ ఎవాంథియా కాచే పూతతోనే నున్నగా ఉంటాయి. ఆలివ్ నూనెలో తేనెమైనం కరిగిస్తుంది, అంతే.

జున్ను చేసే మనూసోస్ చేతులు మాత్రం మానలేదు. ప్రతి శనివారం వచ్చి, ఉప్పునీళ్లకు పగిలిన అరచేతులు ఆమె ముందు చాపేవాడు. ఆమె నిట్టూర్చి ఇంకో డబ్బీ ఇచ్చేది.

ఈ శనివారం అతని చెయ్యి లాక్కుని వాసన చూసింది. మైనం వాసన ఏ కోశానా లేదు. అంతా జున్ను వాసనే.

“రాసుకోవడమే లేదన్నమాట! ఊళ్లో నా పరువేం కావాలి? డబ్బీలన్నీ ఏం చేశావ్?”

మనూసోస్ నెరిసిన మీసం గోక్కున్నాడు.

“గూట్లో దాచుకున్నా. చేతులు బాగైతే ఏ వంకతో నీ గుమ్మం ఎక్కను?”

ఎవాంథియా మొహం కందిపోయింది.

“మహా తెలివి! రాసుకున్నా తగ్గేది కాదులే. ఊరందరికీ ఆలివ్ నూనె. నీ డబ్బీలో మాత్రం కొట్లో కొన్న పొద్దుతిరుగుడు నూనె పోస్తున్నా.”

“దేవుడా! ఎందుకే?”

“చేతులు మానితే రావడం మానేస్తావని.”