సున్నా మార్కుల జవాబు

మూసుకుపోయిన తలుపు ముందు మొదట విశ్రాంత పరీక్షాధికారి సదాశివరావుగారు, ఆయన వెనుక అపార్ట్‌మెంట్ కార్యదర్శి హైమవతి, చివరగా చీపురుతో పైడితల్లి నిలబడి ఉన్నారు. ఇళ్ల తలుపులన్నీ నడిపే, ఏ సలహా అయినా చెప్పే యంత్రం ఉదయమే ఆగిపోయింది. లోపల సదాశివరావుగారి భార్యకు షుగర్ పడిపోతోంది.

“ఏం చేయాలో యంత్రాన్నే అడగాలండీ,” అంది హైమవతి.

పైడితల్లి డాబా మీదకు వెళ్లి, పాత చీరకు బెల్లం పానకం సీసా కట్టి, ఆ ఇంటి బాల్కనీలోకి దించింది. కాసేపటికి తలుపవతల నుంచి “తాగానండీ” అని వినిపించింది.

సదాశివరావుగారు తల దించుకున్నారు. నిరుడు ఉద్యోగాలకు పెట్టిన సృజన పరీక్షలో, తలుపు తెరుచుకోకపోతే లోపలి మనిషిని ఎలా కాపాడాలన్న ప్రశ్నకు పైడితల్లి ఇదే జవాబు రాసింది. నమూనా జవాబుల్లో లేదని ఆయన సున్నా వేశారు. ఆమె చేతికి చీపురు వచ్చింది ఆ సున్నాతోనే.

“ఇప్పుడేస్తారేటి బాబూ, మార్కులు?” అని నవ్వింది పైడితల్లి.

ఆయన హైమవతి దగ్గరున్న తీర్మానాల పుస్తకం అడిగి తీసుకుని, స్వదస్తూరితో రాశారు: “శ్రీమతి పైడితల్లి స్వబుద్ధితో ఒక ప్రాణమును కాపాడినారనియు, ఆమె జవాబు నిరుడే సరియైనదనియు, తప్పు దిద్దినవానిదే అనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.”