అప్పాజీ గొంతుకు వరస

"మద్రాసు, ఆశీర్వాదం గారూ, మద్రాసు!" భీమరాజు చేతిలోని కరపత్రాన్ని గాలిలో ఊపాడు. "చూడండి, నాటకం పేరు కింద మీ పేరే. సమాజం నాదైనా, నా పేరు కన్నా పెద్ద అక్షరాల్లో వేయించాను."

ఆశీర్వాదం గిటారు తీగలు సవరిస్తూ తల ఎత్తలేదు.

"నేను రాలేనండి," అన్నాడు.

పాకలో హార్మోనియం ఆగిపోయింది. తబలా వెంకన్న నోరు తెరుచుకుని చూశాడు. గోదావరి మీద రైలు వంతెన పడ్డాక మద్రాసు దగ్గరైంది కానీ, రాజమండ్రి నుంచి అక్కడికి రమ్మని కబురందుకున్న మొదటి నాటక సమాజం భీమరాజుదే. ఆ కబురు ఊరికే రాలేదు. ఆశీర్వాదం కట్టిన వరసలూ, అప్పాజీ గొంతూ తెచ్చిపెట్టాయి.

ఆశీర్వాదం మిషను బళ్ళో పంతులుగా ఉండగా దొరసాని దగ్గర గిటారు నేర్చాడు. కొన్నాళ్ళు మిషను గుడిలో కీర్తనలకు వాయించాడు. తరవాత నాటకాల మోజు పట్టుకుంది. పద్యం వెనక నాలుగు తీగలు ఒక్కసారిగా మీటితే, సంగీతం తెలిసిన పెద్దలు "ఇదేం గోలయ్యా!" అని నవ్వారు. మగవాళ్ళు సన్నగా చేసుకుని పాడే ఆడగొంతులు ఆ తీగల మీద నిలిచేవి కావు. ఎన్నో సమాజాల గడపలు ఎక్కి దిగాడు. చివరికి ఒకనాడు అప్పాజీని వెంటబెట్టుకుని భీమరాజు దగ్గరికి వచ్చాడు.

"ఎవరండీ ఈ కుర్రాడు?" అని అడిగాడు భీమరాజు.

"ఉప్పాడ నుంచండి. గుడిలో పాడే గొంతు. ఒక్కసారి వినండి."

భీమరాజు ఒక్క చరణం విని లేచి నిలబడ్డాడు. ఆ ఏడాది తిరక్కుండానే నాయిక వేషాలన్నీ అప్పాజీవైపోయాయి.

అక్కణ్ణించి ఆశీర్వాదం ఏ వరస కట్టినా ఆ గొంతును చెవిలో పెట్టుకునే కట్టాడు. అప్పాజీ ఊపిరి తీసుకునే చోట గిటారు పలికేది. ఫిడేలు ఎక్కడ తగ్గాలో, హార్మోనియం ఎక్కడ పూర్తిగా ఊరుకోవాలో అతనే చెప్పేవాడు. పిఠాపురంలో, రామచంద్రపురంలో జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. నవ్విన పెద్దలే ముందు వరసలో కూర్చునేవారు. నాటకం ఉన్న రోజున అప్పాజీ వేషం కట్టుకునే గది గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని, ఆశీర్వాదం గిటారు శృతి చేసుకునేవాడు. లోపలికి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. "దిష్టి తగులుతుందనాండీ?" అని వెంకన్న ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

"రాలేకపోవడం ఏంటండీ?" భీమరాజు పక్కన చతికిలబడ్డాడు. "నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"అయ్యో, లేదండి. అప్పాజీకి ఒంట్లో బాగుండటం లేదు. నాలుగు పద్యాలకే ఆయాసం వచ్చేస్తోంది. కొన్నాళ్ళు పాడకూడదండి."

"అంతేనా! డాక్టరు గారికి చూపిద్దాం పదండి."

"వద్దండి," అన్నాడు ఆశీర్వాదం గబుక్కున. "ఉప్పాడ తీసుకెళ్తాను. ఇంటివాళ్ళ మధ్య ఉంటే కుదుటపడుతుంది."

భీమరాజు చేతిలోని కరపత్రం వైపు మళ్ళీ చూశాడు.

"సరే, వాణ్ని పంపించేయండి. మీరు మాత్రం రండి. ఇంకో గొంతు వెతుక్కుందాం. మొన్న ఒకావిడ వచ్చింది, నాయిక వేషం ఇమ్మని. బాగానే పాడింది కూడాను. పంపేశాననుకోండి."

"ఎందుకు పంపేశారండీ?"

"భలేవారే! ఆడది రంగం ఎక్కితే జనం ఊరుకుంటారా? పాక పీకేస్తారు. అయినా ఆడదానికి ఆడవేషం ఏం తెలుసండీ? ఆ నడకా, ఆ సిగ్గూ, ఆ కన్నీళ్ళూ... మన అప్పాజీని చూసి నేర్చుకోవాలి!"

ఆశీర్వాదం వేళ్ళు తీగల మీద బిగుసుకున్నాయి.

"ఆ గొంతు లేకుండా నా వరసలు నిలబడవండి," అన్నాడు మెల్లగా.

"మళ్ళీ ఇలాంటి పిలుపు రాదండీ." భీమరాజు మాటలో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. "ఎవరో కుర్రాడి కోసం ఇన్నేళ్ళ కష్టం గోదాట్లో కలుపుకుంటారా?"

ఆశీర్వాదం గిటారు తీసుకుని లేచాడు.

గదిలో అప్పాజీ పెట్టె సర్దడం అప్పటికే అయిపోయింది. తడిక గోడ, బయటి మాటలన్నీ వినబడ్డాయి.

"మీరు వెళ్ళండి. నా కోసం మద్రాసు వదులుకోవద్దు. మా అమ్మ చూసుకుంటుంది నన్ను."

"నువ్వు పాడకుండా అక్కడ నేనేం వాయించను?"

"ఇంకెవరైనా పాడతారు. అంత పెద్ద ఊళ్ళో అందరూ మీ పేరు చదవాలని నాకు ఉందండీ."

"నీ పేరు చదవరుగా," అన్నాడు ఆశీర్వాదం.



మర్నాడు పొద్దున్నే ధవళేశ్వరంలో కాకినాడ పడవ ఎక్కారు. సాగనంపడానికి భీమరాజు స్వయంగా వచ్చాడు. తన శాలువా తీసి అప్పాజీకి కప్పి, "ఒళ్ళు జాగ్రత్తరా అబ్బాయ్. ఎప్పుడొచ్చినా నీ వేషం నీదే," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి ఆశీర్వాదం మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మంచి మనిషికి నిజం చెప్పి రాలేకపోయినందుకు మనసు కలుక్కుమంది.

గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ కాలువలో నెమ్మదిగా కదిలింది. రెండు పక్కలా వరిచేలు. ఆశీర్వాదానికి మద్రాసు గుర్తొచ్చింది. ఆ పెద్ద అక్షరాలు గుర్తొచ్చాయి. బాధ లేదని తనను తాను మభ్యపెట్టుకోవాలని కూడా అతనికి అనిపించలేదు. గిటారు ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు పోయిన దారిన పోనిచ్చాడు. ఇంతవరకూ ఎక్కడా కట్టని వరస ఒకటి వచ్చింది. నాటకానికి పనికొచ్చేది కాదు. మరీ మెత్తగా ఉంది.

ఆ వరసను అందుకున్న అప్పాజీ గొంతు మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆశీర్వాదం కంగారుగా.

"మన బిడ్డ కదిలిందండీ," అంది అప్పాజీ.