దింపుడు గల్లం కాడ ఇందిరమ్మ

పాడె దించగానే మొదటి తగువు వచ్చింది. తల ఎటువైపు?

మామూలు పాడె అయితే అడిగే పనే లేదు. ఇది గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టె. చుట్టూ మేకులు. చాలా రోజులు మార్చురీలో ఉన్న శవమనీ, మూత తీయొద్దనీ కంపెనీవాళ్లు ఫోన్లో గట్టిగా చెప్పారు. ఊరికీ బొందలగడ్డకూ మధ్య దారిలో పాడె దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. ప్రాణం ఎక్కడో కొట్టుమిట్టాడుతుంటే లేచి కూర్చుంటాడేమోనని ఆశ. పిలుద్దామంటే చెవి ఏదీ?

"పేరు రాసిన కాడనే తలుంటది," అని కుమార్ తేల్చేశాడు. అతను జగిత్యాలలో ఆటో నడుపుతాడు. ఏదైనా తేల్చేయడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

సాయిలు తల్లి కొమురవ్వ చెక్కకు నోరు ఆనించి, "కొడుకా, సాయిలూ" అని మూడుసార్లు పిలిచింది. భార్య రేణుక అత్త భుజం పట్టుకుని కూర్చుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆమె అన్న అరవింద్ ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. గల్ఫ్‌లోని కూలీల క్యాంపులో సాయిలుతో పాటు ఒకే రూములో ఉండేవాళ్లు చావుకు రాలేరు కదా. వీడియో కాల్లో చూస్తున్నారు.

పెట్టెలోంచి పలుకు లేదు.

"కుమారన్నా, నువ్వు పిలువు," అంది రేణుక. "నీ గొంతు ఇంటే పండుకున్నోడు గూడ లేచి కొట్లాటకు అస్తుండె."

అబద్ధం కాదు. సాయిలు, కుమార్ చిన్ననాటి దోస్తులు. మీసాలొచ్చినప్పటి నుంచి వాళ్లకు ఒకటే తగువు. ఈ దేశాన్ని ఏలినవాళ్లలో ఎవరు గొప్ప?

సాయిలుకు ఇందిరమ్మ. తాతకు సర్కారు పంచిన ఎకరం భూమి ఆమె చలవేనంటాడు. కుమార్‌కు పీవీ. మన జిల్లా మనిషి ఢిల్లీ గద్దె మీద కూర్చున్నాడు, ఇంకేం కావాలంటాడు. "ఎమర్జెన్సీ మర్చిపోయినవారా?" అని కుమార్. "నోరిప్పనోడు నాయకుడెట్లయితడు?" అని సాయిలు. ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సాయిలు కోరుట్ల ఏజెంటును పట్టుకుని గల్ఫ్ పోయినా తగువు ఆగలేదు. జీతం రాని నెలల్లో కూడా ఫోన్ చేసి ముందు అడిగేది, "ఏమంటడు మీ పీవీ?" అనే.

ఆఖరి ఫోన్లో, "నేను సచ్చేలోపట ఇందిరమ్మనే గొప్పదని నీ నోటితోని అనిపిస్త సూడు," అన్నాడు సాయిలు.

"నువ్వు సచ్చినా అన," అని కుమార్ ఫోన్ పెట్టేశాడు.

తర్వాత సాయిలు కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా బయట దొంగచాటుగా పని చేస్తున్నాడని తెలిసింది. ఫోను మూగబోయింది. నెలలు గడిచాక ఈ పెట్టె వచ్చింది, కంపెనీ దగ్గరే ఉండిపోయిన పాస్‌పోర్టుతో సహా.

"పేరు పెట్టి పిలిస్తే గాదు బిడ్డా. గా మాట అను," అంది కొమురవ్వ. "ఇందిరమ్మనే గొప్పదని అను. నా కొడుకు పాణం గందుట్లనే కొట్టుకుంటాంది."

కుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇంకేదన్నా అంట అవ్వా. అది అబద్దమైతది."

అంతే, పాడె మోసినవాళ్లకు హుషారొచ్చింది. అప్పటిదాకా వాళ్లు బరువుకు ఆయాసపడుతున్నారు. గాలొస్తే ఎగిరిపోయే సాయిలుకు గల్ఫ్ తిండి బాగా ఒంటబట్టిందని దారంతా గొణిగారు. ఒకడు, రెండు రూపాయలకు బియ్యం పెట్టిన రామారావును మించినోడు లేడన్నాడు. "దేశం ముచ్చట్ల రాష్ట్రపోడు ఎందుకొచ్చిండు?" అని ఇంకొకడు లేచాడు. అంబేద్కర్ లేకుంటే మీ ఓటే లేదన్నాడు మరొకడు. డప్పులవాళ్లు డప్పులు ఆపి మరీ తమ మాట చెప్పారు. శవం ముందున్నామన్న సోయి ఒక్కరికీ లేదు. నెత్తిన ఎండ, ముందర పెట్టె, మధ్యలో ఢిల్లీ.

"ఆపుండ్రి!" రేణుక అరిచింది. "గింతమంది గొప్పోళ్లు ఏలిన దేశంల కూలి దొర్కకనే గదా నా పెనిమిటి దుబాయి పోయింది!"

ఒకడు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

కుమార్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. పేరు రాసిన చోట చెక్కకు చెంప ఆనించాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఎంత మొండివాడికైనా దోస్తు దోస్తే.

"సాయిలూ... ఇందిరమ్మనే గొప్పదిరా. నేనే ఓడిపోయిన. ఇన్నేండ్లు ఉత్తగనే కొట్లాడిన. లెవ్వురా... లేచి నన్ను ఎక్కిరియ్యిరా!"

పెట్టె కదల్లేదు. దింపుడు గల్లం ఆశ ఎవరికి తీరింది గనక!

కొమురవ్వ కొంగుతో కళ్లొత్తుకుని, "ఇగ ఎత్తుండ్రి," అంది. నలుగురూ వంగి పాడె పట్టుకున్నారు. అరవింద్ చేతిలోని ఫోన్లో ఒక్కసారిగా కేకలు లేచాయి. బొమ్మ ఊగిపోయింది. రూములో మంచాలు, గోడ, పరుగెత్తే కాళ్లు కనిపించాయి.

"అరేయ్ కుమారూ, గా మాట జెర గట్టిగ అనురా, గీడ రూమోళ్లకు సరిగ ఇనవడలే," అన్నాడు ఫోన్లోంచి, పోలీసు లాకప్పు నుంచి విడుదలై వచ్చి, రూము గుమ్మంలోనే నిలబడి కుమార్ మాట విన్న సాయిలు.