ఆమె పక్కన కూర్చుంటే

ముసలమ్మ లోపలికి రాగానే ఆసుపత్రి హాల్లో మాటలు ఆగిపోయాయి.

గర్భిణులు పొట్టల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె లేచి గోడ వారగా నిలబడింది.

ఆమె ఎవరి పక్కన కూర్చుంటే వాళ్లు బతకరని పుకారు. ఆ ఏడాది అలా ముగ్గురు పోయారు.

నెలకోసారి ఆ హాల్లో కుటుంబ నియంత్రణ మీద డాక్టరమ్మా, మతగురువూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటారు. ఆడవాళ్లు వింటారు.

"కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోతే తల్లి ఒంట్లో రక్తం మిగలదు గురువుగారూ."

"ఎడం ఉండాలనే మేమూ అంటాం. అది నిగ్రహంతో రావాలి, కత్తెరతో కాదు. ప్రాణం పోసేవాడికి మనం గడువు పెట్టకూడదమ్మా."

"నిగ్రహం మగాయన చేతిలో, కాన్పు ఆడమనిషి ఒంట్లో. అదెలా కుదురుతుందండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గురువుగారూ నవ్వబోయి ఆగిపోయారు.

ముసలమ్మ వెళ్లి ఆయన కూతురి పక్కన కూర్చుంది.

నలుగురు పిల్లల తల్లి. మళ్లీ ఎనిమిదో నెల. వైద్యానికి రాలేదు, తండ్రి మాటలు వినడానికి వచ్చింది.

ముసలమ్మ వంగి ఆమె కాలి మడమ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"తలనొప్పిగా ఉందా తల్లీ?" అని చెవిలో అడిగింది.

"రెండు రోజులుగా."

"కళ్ల ముందు మెరుపులు?"

కూతురు తలూపింది.

"ఇంటికెళ్లకు. ఇక్కడే ఉండిపో. ఈ కాన్పుతో చాలనుకో."

గురువుగారు గబగబా వచ్చారు.

"లేవమ్మా. నా బిడ్డ జోలికి రాకు."

డాక్టరమ్మ కూడా లేచింది.

"జనాన్ని ఇలా బెదరగొట్టకండి బామ్మా. ఇంకెప్పుడూ రాకండి."

ఎన్నడూ కలవని ఆ ఇద్దరి మాటా ఆరోజు కలిసింది.

ముసలమ్మ మెల్లగా లేచింది. "పోతాను. ఆ పిల్లని మాత్రం ఇవాళ పంపకండి."

ఇప్పుడు ఉంచితే పుకారు నిజమని తానే ఒప్పుకున్నట్టవుతుందనుకుంది డాక్టరమ్మ. "ఎల్లుండి తీసుకురండి, చూస్తాను," అంది గురువుగారితో.

ఎల్లుండి దాకా ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో ఆ పిల్లకి ఫిట్స్ వచ్చాయి. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

పది రోజుల తర్వాత డాక్టరమ్మ గురువుగారింటికి వెళ్లింది.

"ఆవిడకెలా తెలిసిందో అడగాలి," అన్నారాయన.

ఇద్దరూ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. వీధి నిండా ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. పసివాళ్లు కూడా ఏడవటం లేదు.

ముసలమ్మ ఆ ఉదయమే పోయింది.

అక్కడున్న మొహాల్లో సగం డాక్టరమ్మకి తెలిసినవే.

"నీకు పురుడు నేనే పోశాను కదూ? నువ్వెందుకొచ్చావు?"

"ఆవిడ నా పక్కన కూర్చుందండీ. కాళ్ల నీరు చూసి, ఆపూటే మిమ్మల్ని కలవమంది. ఆవిడ పేరెత్తితే ఏమంటారోనని మీకు చెప్పలేదు."

"నా పక్కనా కూర్చుంది," అంది వెనకామె. "ఆపరేషన్‌కి మా అత్తని ఒప్పించింది ఆవిడే."

"నా పక్కనా."

"నా పక్కనా."

ఆ మాట ఒక్కో నోరే దాటుకుంటూ వీధి చివరిదాకా వెళ్లింది.

"మరి పోయినవాళ్లు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆవిణ్ని చూసి హడలిపోయి, చెప్పేది వినకుండా లేచి వెళ్లిపోయినవాళ్లండీ."

గురువుగారు గడప దగ్గర చెప్పులు విడిచారు.

"ఎవరమ్మా ఈవిడ?"

"మంత్రసాని అండీ," అంది పక్కింటి పెద్దావిడ, "నలభై ఏళ్లు వాళ్ల ఊరందరికీ పురుళ్లు పోసి, ఏడో కాన్పులో సొంత కూతుర్ని దక్కించుకోలేక ఆ పని మానేసి ఈ ఊరొచ్చి, అప్పట్నుంచీ ఇలా ఎవరో ఒకరి కూతురి పక్కన కూర్చుంటోంది."