మూడో వాల్వు

"రెండు నెలల్లో ఇది మూడో సేఫ్టీ వాల్వు! నకిలీవి అంటగడుతున్నారా బాబాయ్?" అంటూ కుక్కర్ మూతను కొట్టు బల్ల మీద పెట్టాను.

మరమ్మతుల కొట్టు బాబాయ్ నవ్వాడు. "ఈ కుక్కర్ నీకంటే పెద్దది తల్లీ. రబ్బరూ, పిడీ, విజిలూ అన్నీ నా చేత్తో మార్చినవే. ఇన్నాళ్లూ లేని నకిలీ ఇప్పుడొచ్చిందా?"

మూత ఎత్తి, ఆవిరి గొట్టంలోంచి వెలుతురు చూశాడు. దారి శుభ్రంగానే ఉంది. కరిగిన వాల్వును గోటితో తడుముతుంటే అతని నవ్వు ఆగిపోయింది.

"ఇది అరిగి పోలేదమ్మా. లోపల నీళ్లన్నీ ఇగిరిపోయినా మంట ఆపకపోతే ఇలా కరుగుతుంది. వంట ఎవరు చేస్తున్నారు?"

"మా అమ్మ. కళ్లకు గంతలు కట్టినా వండుతుంది! పాకే పిల్లాణ్ణి ఇప్పుడు కూడా ఆమె దగ్గరే వదిలొచ్చాను."

"ఒకసారైతే పరధ్యానం అనుకుంటాం. మూడుసార్లా?"

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. "అమ్మా, స్టవ్ కట్టేశావా?"

"ఎప్పుడో కట్టేశా. మూత నువ్వు పట్టుకెళ్తే కుక్కర్ ఎలా పెడతానే?"

గొంతు మామూలుగానే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "బాబు ఏం చేస్తున్నాడు?"

"బాబా?" అమ్మ నవ్వింది. "వాణ్ణి నువ్వే ఎత్తుకెళ్లావు కదే!"