గెడ్డ

"బాబూ, ఇది గెడ్డ. ఇక్కడ కిందికి తవ్వొద్దు."

భోగాపురం దగ్గర అపార్ట్‌మెంట్ స్థలంలోకి వచ్చి ఆ ముసలమ్మ అన్న మొదటి మాట అదే.

ఆర్కిటెక్ట్ ధనరాజ్‌ది హైదరాబాదు. ఏ ఊరి తీరుకు తగ్గట్టు ఆ ఊళ్ళో ఇళ్ళు గీస్తాడని పేరు. మట్టి కప్పి చదును చేసిన ఆ నేలను చూస్తూ తల ఊపాడు.

"గడ్డేనా? మంచిదే అవ్వా! మా వైపు గడ్డంటే మెరక. నీళ్ళు నిలవవు. ధైర్యంగా సెల్లారు వేసుకోవచ్చు."

"గడ్డ కాదు బాబూ, గెడ్డ! కిందన ఏటీ వద్దు. స్తంబాల మీద ఎత్తి కట్టు."

"అదేలే, మీ యాస," అని నవ్వేశాడు.

ఊరి మాట విన్నానని ఎంత మురిసిపోయాడో మహానుభావుడు! అపార్ట్‌మెంటుకు 'సాగరగడ్డ' అని పేరు కూడా పెట్టాడు.

ఆవిడ ఊరుకుంటేనా? రోజూ వచ్చి, తవ్విన గోతి అంచున నిలబడి అదే పాట.

"దాలయ్యా, ఈవిణ్ణి బయటికి పంపు," అనేవాడు వాచ్‌మన్‌తో.

దాలయ్య ఆమె చెయ్యి పట్టుకుని గేటుదాకా నడిపించేవాడు.

ఒకరోజు ధనరాజ్‌కు ఒళ్ళు మండింది. "ఇంకోసారి ఈ ముసల్ది లోపల కనిపిస్తే నీ ఉద్యోగం ఊడుతుంది!"

మర్నాటి నుంచి ఆమె గేటు బయటే నిలబడింది.

కట్టడం పూర్తయింది. ఇంకా ఎవరూ కాపురానికి రాలేదు. అక్టోబరులో తుఫాను పట్టుకుంది. రెండో రోజు మధ్యాహ్నం దాలయ్య ఫోన్ చేశాడు.

"సార్, సెల్లారులోకి నీరొస్తన్నాది."

"గడ్డ మీద వరదేంటయ్యా? వాన నీళ్ళే. దిగి మోటారు వెయ్."

"సార్, ఇది గెడ్డండి..."

"నువ్వూ మొదలెట్టావా? దిగు!"

దిగాడు.

మర్నాడు ధనరాజ్ వచ్చేసరికి ప్రహరీ కూలిపోయి ఉంది. ఎర్రటి నీళ్ళు సెల్లారును నింపేసి, సముద్రం వైపు పరుగెడుతున్నాయి.

"ఎక్కడివీ నీళ్ళు?" అన్నాడు.

పడవతో సాయానికొచ్చిన గంగులు అతన్ని ఎగాదిగా చూశాడు.

"గెడ్డవి సార్. మా వైపు ఏరుని గెడ్డంటారు. మీరు కప్పెట్టిన ఏరే, దాని దారిని అది వొచ్చినాది."

అయ్యో! ఒక్క అక్షరం.

"మరి నాకెవరూ చెప్పలేదేం?" అని అరిచాడు ధనరాజ్.

"రోజూ సెప్పింది కదేటి, ఆయమ్మ!"

గేటు దగ్గర బురదలో ఆ ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో, నీళ్ళలోంచి తీసిన దాలయ్య శవం. కొంగుతో అతని ముఖం తుడుస్తోంది.

"ఎవరావిడ?" అన్నాడు ధనరాజ్.

గంగులు తల దించుకున్నాడు.

"సుట్టరికం తెలిస్తే మీరు కొలువు తీసేస్తారని దాసుకున్నారు గాని సార్, దాలయ్య ఆయమ్మ కొడుకే."