మిక్మాక్‌ల నేల మర్యాద

కెనడా తూర్పు తీరం మిక్మాక్ ఆదివాసులది. వాళ్లు దాన్ని ఎవరికీ రాసివ్వలేదు. ఆక్రమించినవాళ్ల మనవలు ఇప్పుడక్కడ సభ పెడితే, "ఈ నేల మిక్మాక్‌లది" అని ఒప్పుకుని మొదలుపెడతారు.

ఉప్పలగుప్తం సభలో లెక్చరర్ షైనీ ఈ సంగతి చెప్పగానే అధ్యక్షుడు దొరబాబు ముందుకు వంగాడు. ఆమె పేట శ్మశానాన్ని రొయ్యల చెరువు చేసి, అది తన సొంతమేనని అమలాపురం కోర్టులో వాదిస్తున్న పెద్దమనిషి ఇతనే.

"ఒప్పుకున్నాక నేల తిరిగిచ్చేరామ్మా?"

"ఎక్కడండీ! మాటతో సరిపెట్టేరు."

"భలే మర్యాద! మనమూ పాటిద్దాం. మైకు ఇలా ఇవ్వమ్మా."

అందుకుని గొంతు సవరించాడు. "నా రొయ్యల చెరువు షైనీ గారి పేటవాళ్ల శ్మశానమేనండీ. మా నాన్నగారు కలిపేసుకున్నారు."

చప్పట్లు మోగాయి. దొరబాబు మురిసిపోయాడు.

ముందు వరసలో ఫోను ఎత్తి పట్టుకున్న తమ లాయరు వైపు షైనీ తిరిగింది.

"రికార్డయ్యిందాండీ?"

"ఆయ్!"